గుండీల పరీక్ష

జనవరి 9

ఆసుపత్రి వాళ్లు ఏటా ఇచ్చే డైరీల్లో ఇంతవరకు కూరగాయల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఈ ఏడాది ఎందుకో రాద్దామనిపించింది. చదివేది నేనొక్కదాన్నే కాబట్టి అక్షరాలు బాగుండక్కర్లేదు. మందుల చీటీ మీద కూడా నా రాత ఎప్పుడూ బాగుండేది కాదు.

డైరెక్టర్ మళ్లీ పిలిచాడు. నాణ్యతా విభాగం పోస్టు ఖాళీగా ఉందట, తీసుకోమంటాడు. ఫైళ్లు, మీటింగులు, ఐదింటికల్లా ఇల్లు. రోగులుండరు. మార్చి నెలాఖరుకి ఏ సంగతో చెప్పాలి. తీసుకుంటున్నానని ఉత్తరం రాసి సంతకం కూడా పెట్టేశాను. తేదీ మాత్రం వెయ్యకుండా సొరుగులో పడేశాను. ఇరవై రెండేళ్లుగా జనాల పేగులూ కాలేయాలూ పట్టించుకున్నాను, నా మోకాళ్లు అరిగిపోయాయి. కారణం అదే. నా పేషెంటు, ఆ డ్రాయింగ్ టీచరు పోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇవాళ కొత్తగా ఒక టైలర్ వచ్చాడు. నలభై ఏడేళ్లు, కొద్దిగా షుగర్ ఉంది. పెద్దపేగులో గడ్డని కిందటి నెల వేరేచోట తీసేశారు. కాలేయంలో మూడు మచ్చలు మిగిలాయి. వాటిని మందులతో కుదించాలి, బాగా కుదిస్తే మా కత్తి కోసి తీసేస్తాడు. కత్తి అంటే నా క్లాస్‌మేటు, కాలేయం సర్జన్. కాలేజీలో పెట్టిన పేరు, ఇప్పటికీ నేనొక్కదాన్నే అలా పిలుస్తాను.

మందు వల్ల ఏమేమవుతుందో వరసగా చెప్పుకుంటూ పోయాను. వాంతులన్నాను, నీరసమన్నాను, ఆయన తలూపుతున్నాడు. వేళ్లకి తిమ్మిరి రావచ్చు అనగానే తల ఆగిపోయింది. "వేళ్లకా?" అని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. కోట్లు కుడతాడట. గుండీలు దూరే కాజాలన్నీ చేత్తోనే. మిషన్ మీద కుట్టిన కాజా కనిపిస్తే ఆ పూట ఈయనకి అన్నం సహించదని భార్య చెప్పింది. అందరం నవ్వాం.

వెళ్తూ వెళ్తూ నా తెల్లకోటు వంక చూసి, "మూడో గుండీ ఊడేలా ఉందమ్మా. మంచిరోజు చూసుకుని తెండి, నేను కుడతాను" అన్నాడు.

జనవరి 16

టైలర్ మాస్టర్‌కి మొదటి విడత మందు. ఎడమ చేతి పైభాగంలో సన్నటి గొట్టం పెట్టి దానిలోంచి ఎక్కించారు. రెండు గంటలు కుర్చీలో కూర్చోవాలి. మిగతావాళ్లు నిద్రపోతారు, లేదా గోడ మీద టీవీని తిడతారు. ఈయన సంచిలోంచి ఒక కోటు చెయ్యి తీసి అంచు కుట్టుకుంటూ కూర్చున్నాడు. "సూదులు పట్టుకుని మా వార్డుకి వచ్చేది నేనొక్కదాన్నే అనుకున్నాను, పోటీ వచ్చింది" అని సిస్టరమ్మ అంది. మా హెడ్ నర్సుని అందరం అలాగే పిలుస్తాం. నాకంటే రెండేళ్లు పెద్దది, నన్ను భయపెట్టగలిగిన ఒకే ఒక మనిషి.

జనవరి 30

రెండో విడత. గుండీల పరీక్ష పాసయ్యాడు.

ఈ పరీక్ష నేను కనిపెట్టిందే. ఈ మందు తీసుకునే ప్రతి మనిషినీ నా ముందు చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకోమంటాను. నోటితో ఎవరైనా బాగున్నాననే అంటారు. వేళ్లు మాత్రం దాచలేవు. గుండీ కోసం తడుముకున్నారంటే నరాలు దెబ్బతింటున్నట్టే, ఆ మందు తగ్గించాలి, లేదా ఆపెయ్యాలి. పదిహేనేళ్లుగా జూనియర్లందరికీ ఇదే నేర్పుతున్నాను. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు.

మాస్టర్ నా వంకే చూస్తూ, మాట్లాడుతూనే, ఐదు గుండీలూ టకటకా పెట్టేశాడు. చూడటానికి ముచ్చటేసింది.

ఫిబ్రవరి 6

పిచ్చి ఆలోచన ఒకటి వచ్చింది. మాస్టర్ మచ్చలు కత్తి చేతికి అందేంతగా కుదిస్తే ఉత్తరం చింపేస్తాను. లేకపోతే తేదీ వేసి ఇచ్చేస్తాను. ఇంత చదువూ చదివి చివరికి చీట్లు తీసుకునే స్థితికొచ్చానా. రాసినందుకు సిగ్గేస్తోంది కానీ కొట్టెయ్యను.

ఫిబ్రవరి 13

మూడో విడత. నాలుగో గుండీ దగ్గర మాస్టర్ వేళ్లు ఒక క్షణం తడబడ్డాయి. ఉదయం చలిగా ఉంది, చేతులు చల్లబడి ఉంటాయి. మిగతా గుండీలు బాగానే పెట్టాడు.

పక్క కుర్చీలో బస్సు డ్రైవర్ మాత్రం పరీక్ష తప్పాడు. మూడు గుండీలకి చెమటలు పట్టాయి. తిమ్మిరి తెచ్చే మందు ఆయనకి ఆపేశాను. పెద్దమనిషి గట్టిగా ఏడ్చేశాడు. మందుల గదిలో ఎవరైనా ఏడిస్తే అందరూ కిటికీల వంక చూస్తారు. మాస్టర్ ఒక్కడే అటే చూస్తూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 27

నాలుగో విడత. ఐదు గుండీలు, ఒక్క తడబాటు లేదు. నాకు తెలుసు, ఆ రోజు చలి వల్లే.

నీలం గళ్ల చొక్కా కొత్తగా కుట్టుకున్నాడు. బాగుందన్నాను. తల వంచుకున్నాడు. పొగిడితే సిగ్గుపడే రకం.

మార్చి 5

స్కాన్.

మూడు మచ్చలూ సగానికి సగం తగ్గాయి. ఒకటైతే వేలు పెట్టి చూపిస్తే తప్ప కనపడటం లేదు. కత్తి గదికి వెళ్లి ఫిల్ము వాడి బల్ల మీద పడేశాను. అటు తిప్పి ఇటు తిప్పి, "ఇంకో నాలుగు విడతలు ఇవ్వు, అప్పుడు కోస్తా" అన్నాడు. అక్కడే వాడి టీ లాక్కుని తాగేశాను.

మార్చి 12

ఐదో విడత. అవే నీలం గళ్లు. ఈయనకిదేదో కలిసొచ్చిన చొక్కా అయినట్టుంది. ఆయన నమ్మకం ఆయనది, సొరుగులో ఉత్తరం పెట్టుకున్న నాకు నవ్వే హక్కు లేదు.

అంగీకార పత్రం మీద ఆయన బదులు భార్య సంతకం పెట్టింది. చేతులు తడిగా ఉన్నాయన్నాడు. ఇవాళ కుట్టుపని తెచ్చుకోలేదు, పేపర్ తెచ్చుకున్నాడు. విశ్రాంతి తీసుకోవడం ఇప్పటికైనా నేర్చుకున్నాడు, మంచిదే.

పేపర్ రెండు గంటలూ ఒకే పేజీ దగ్గర ఉందని సిస్టరమ్మ అంది. నిద్రపోయి ఉంటాడు.

మార్చి 26

ఆరో విడత. నీలం గళ్లు. పాస్.

"ఎలా ఉంది మాస్టర్?" అంటే "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. నా కోటు గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది. దాని వంక చూసి, "ఎవరిచేతైనా కుట్టించుకోండమ్మా" అన్నాడు. భార్య సంచిలోంచి సూది తీయబోతే మోచేత్తో ఆపాడు. వాళ్లిద్దరి మధ్యా ఏదో గొడవున్నట్టుంది. ఇన్ని నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగితే ఏ మొగుడూపెళ్లాలకైనా తప్పదు.

మార్చి 29

డైరెక్టర్‌ని మే నెలాఖరు దాకా గడువు అడిగాను. ఎందుకన్నాడు. మోకాళ్లకి ఎక్స్‌రే తీయించాలన్నాను.

ఏప్రిల్ 9

అంతా వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాను.

ఏడో విడతకి మాస్టరూ భార్యా పదింటికి వచ్చారు. నా గదిలో ఫ్యాను మూడేళ్లుగా గడగడలాడుతోంది, బాగుచేయించమని రాసిన కాగితాలు నాణ్యతా విభాగంలోనే ఎక్కడో ఉంటాయి. బయట హాల్లో టీవీ. దానికి తోడు పిల్లల ఏడుపులు, టోకెన్ నంబర్ల కేకలు. ఆ గోలలో నేను మనుషుల పెదాలు చూసి మాటలు పోల్చుకుంటాను.

ఎలా ఉందన్నాను. బాగుందన్నాడు. గుండీలన్నాను. విప్పాడు. పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది. ఎందుకో మనుషులు కూడా ఒక్కసారిగా ఆగారు. ఆ నిశ్శబ్దంలో టిక్ మని చిన్న చప్పుడు వినపడింది. మళ్లీ టిక్. మొదట ఆయన వేలి కణుపులనుకున్నాను. ఇరవై రెండేళ్లలో గుండీ కాజాలో దూరితే చప్పుడు రావడం నేను వినలేదు.

"ఏమిటది మాస్టర్?"

చెయ్యి మూడో గుండీ దగ్గరే ఉండిపోయింది.

లేచి దగ్గరికెళ్లి, వంగి చూశాను. గుండీలున్నాయి, కాజాలున్నాయి. కానీ గుండీ కాజాలోంచి రాలేదు, కాజా మీదే కుట్టేసి ఉంది. లోపల బ్లౌజులకి పెట్టే టిచ్ బటన్లు. పైన బొటనవేలితో అదిమితే చాలు, లోపల పట్టేసుకుంటుంది. వేళ్లకి స్పర్శ అక్కర్లేదు. పైకి చూస్తే ఇంకో దర్జీ కూడా పోల్చుకోలేడు, అంత పనితనం.

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం తప్పు దొరికిపోయినవాడిలా లేడు, బరువు దించుకున్నవాడిలా ఉన్నాడు. రెండోసారి ఎక్కించాక వేళ్లు మొద్దుబారడం మొదలైందట. డ్రైవర్‌కి మందు ఆపడం చూసి, ఇంటికెళ్లిన మర్నాడే ఈ చొక్కా మొదలుపెట్టాడట. ఇంకా కాస్త స్పర్శ ఉండగానే కుట్టేసుకోవాలని నాలుగు రోజులు కూర్చున్నాడట. ఆ తరవాత సూది పట్టుకోలేదు. సంతకం చెయ్యలేడు. పేపర్ తిప్పలేడు.

"నా చేత్తో కుట్టిన ఆఖరి పని ఇదేనమ్మా" అన్నాడు. "నాకూ మందు ఆపేస్తే మచ్చలు మళ్లీ పెరుగుతాయి కదా. వేళ్లు పోతే పోనీ, మనిషినైనా ఉంటాననుకున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. గట్టిగానే అరిచాను. ప్రతిసారీ అడిగాను కదా, ఎలా ఉందని నోరు నొప్పెట్టేలా అడిగాను కదా, ఒక్కసారి నిజం చెబితే మీ సొమ్మేం పోయిందన్నాను. ఆయన నేను ఆగేదాకా ఆగాడు.

"అడిగారమ్మా. కానీ అడిగేటప్పుడే బాగుందన్న మాట కోసం కాచుక్కూర్చున్నట్టుండేవారు. ఆ మొహం చూశాక ఇంకో మాట చెప్పబుద్ధేసేది కాదు."

జనరేటర్ అందుకుంది. ఫ్యాను మళ్లీ గడగడమంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

డ్రైవర్‌కి ఆపింది రెండు మందుల్లో ఒక్కటే. రెండోది ఇప్పటికీ నడుస్తోంది, ఆయన ఈ నెల బస్సు డిపోలో పనికి కూడా వెళ్తున్నాడు. ఆ ముక్క మాస్టర్‌కి చెప్పాను. ఆపడమంటే మొత్తం ఆపడమనుకున్నాడు. మూడు నెలల్లో ఒక్కసారైనా ఈ సంగతి విడమరిచి చెప్పానా అని ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. చెప్పాననే అనుకున్నాను.

తిమ్మిరి మందు ఆపి రెండోది ఒక్కటే ఎక్కించి పంపాను. ఇంకో సంగతి కూడా చెప్పి పంపాను. ఆపినా రెండు మూడు నెలలు తిమ్మిరి ఇంకా పెరుగుతుంది, ఆ తరవాతే మెల్లగా తగ్గడం మొదలవుతుంది. కొంతమందికి పూర్తిగా రాదు. ఈసారి వాళ్ల మొహాలు చూస్తూ చెప్పాను, చెప్పిందాన్ని తిరిగి నాకు చెప్పమన్నాను. భార్య ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పింది.

ఏప్రిల్ 10

ఉత్తరానికి తేదీ వేశాను.

ఏప్రిల్ 11

డ్రాయింగ్ టీచరు గురించి ఇక్కడ రాయనని ఒట్టు పెట్టుకున్నాను. రాస్తున్నాను.

క్లోమంలో క్యాన్సరు. తొమ్మిది నెలలు నా దగ్గరికి వచ్చింది. ఎప్పుడు అడిగినా "బాగున్నాను డాక్టర్ గారూ" అని నవ్వేది. వచ్చిన ప్రతిసారీ నా బల్ల మీది కాగితాల మీద ఏదో ఒకటి గీసేది. ఎక్కువగా నా ముక్కే. ఇంట్లో నెల రోజులుగా అన్నం ముట్టలేదనీ, నొప్పికి గోడని పట్టుకుని కూర్చునేదనీ నాకు తెలియదు. పోయాక వాళ్ల అక్క వచ్చి చెప్పింది. "మీరు బాధపడతారని చెప్పొద్దంది" అంది. తెలిసి ఉంటే ఆమెని బతికించేదాన్ని కాదు. ఆ నొప్పి మాత్రం తీసేసేదాన్ని. అందుకు నా దగ్గర కావలసినన్ని మందులున్నాయి.

మళ్లీ అదే పని చేశాను. ఒక మనిషి వేళ్లు మొద్దుబారుతుంటే ఆయన చొక్కా బాగుందని మెచ్చుకుంటూ కూర్చున్నాను. పేజీలు వెనక్కి తిప్పి చదివాను. సంతకం, పేపరు, సూది, అన్నీ నా రాతలోనే ఉన్నాయి. కళ్లతో చూశాను, చేత్తో రాశాను, బుర్రలోకి మాత్రం రానివ్వలేదు. నాకు స్కాన్ బాగుండాలి. అంతే.

ఇలాంటిదానికి ఆ కుర్చీ ఎందుకు? ఫైళ్లే నయం, ఫైళ్లు మొహమాటానికి అబద్ధం చెప్పవు.

ఏప్రిల్ 14

ఆదివారం. మా ఆయన వరండాలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. కాలేజీలో లెక్కలు చెబుతాడు, ఇంట్లో చెప్పడానికి నేను అవకాశం ఇవ్వను. ఉత్తరం ఆయన ముందు పెట్టి టిచ్ బటన్ల కథ మొత్తం చెప్పాను. విని చాలాసేపు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు కలం పక్కన పెట్టాడు.

"పదిహేనేళ్లు ఒకే ప్రశ్నపత్రం ఇస్తే ఎవడైనా కాపీ కొడతాడు. అలాంటప్పుడు మేము ప్రశ్నపత్రం మారుస్తాం గానీ, పాఠం చెప్పడం మానం."

ఇంత చిన్నమాటకి ఇంత తేలికపడటం అవమానంగా ఉంది. ఆయనకి చెప్పలేదు. చెబితే వారం రోజులు మీసం దువ్వుకుంటాడు.

ఏప్రిల్ 16

కొత్త ప్రశ్నపత్రం.

చొక్కా గుండీలు రద్దు. నా తెల్లకోటు విప్పి వాళ్ల చేతికిచ్చి, నాకు తొడిగి గుండీలు పెట్టమన్నాను. ఎవరి గుండీ వాళ్లకి అలవాటు, పరాయి గుండీ దగ్గర దొరికిపోతారు. ఇది డాక్టరుకి పెళ్లికూతురి ముస్తాబులా ఉందని సిస్టరమ్మ అంది. అననివ్వు.

ఎలా ఉందని కూడా అడగలేదు. "ఈ రెండు వారాల్లో ఏ పని మానేశారు?" అని అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. మూసుకోవడమే కష్టమైంది.

పదహారు మందిని చూశాను. పదకొండు మంది ఏదో ఒకటి చెప్పారు. బ్యాంకు గుమస్తా నోట్లు లెక్కపెట్టడం మానేసి కౌంటర్ మార్పించుకున్నాడట. ఒకావిడ మనవరాలికి జడ వెయ్యడం మానేసింది. ఇంకొకాయన మెట్లు దిగడం మానేశాడు, పాదాలు నేలకి తగులుతున్నాయో లేదో తెలియడం లేదట. పోయిన వారం దాకా వీళ్లందరి కాగితాల మీదా నేను రాసింది 'బాగున్నారు' అనే. ముగ్గురికి మందు తగ్గించాను, ఇద్దరికి నొప్పి మందు మార్చాను. ఓపీ మూడింటి దాకా సాగింది. మోకాళ్లు నొప్పెట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

పూల కొట్టు ముసలమ్మ నా మూడో గుండీ పట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చేసింది. నా ప్రాణమేదో పీకేసినట్టు కంగారుపడిపోయింది పాపం. గుండీని సొరుగులో ఉత్తరం పక్కన పడేశాను. సిస్టరమ్మ ఆ చోట పిన్నీసు పెట్టింది.

ఏప్రిల్ 23

మాస్టర్ స్కాన్. కత్తి నాలుగు విడతలు అడిగాడు, నేను రెండే ఇవ్వగలిగాను.

మచ్చలు ఇంకాస్త తగ్గాయి. కత్తి మాత్రం ఇంకో రెండు విడతలు పూర్తి చెయ్యమంటాడు. ఇవ్వనన్నాను. "ఎందుకివ్వవు? బతికితే వేళ్ల సంగతి తరవాత చూసుకోవచ్చు" అన్నాడు. పెద్ద తోలు చేతి తొడుగులు వేసుకుని ఒక్కరోజు ఆపరేషన్ చెయ్యమన్నాను. వాడు తన చేతుల వంక చూసుకున్నాడు. అచ్చం జనవరిలో మాస్టర్ చూసుకున్నట్టే.

మే 14కి తేదీ ఇచ్చాడు.

మే 14

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద మాస్టర్ భార్య పక్కన కూర్చున్నాను. అక్కడ నాకేం పని లేదు. ఆవిడ ఒళ్లో కోటు పెట్టుకుని కుడుతోంది. కొట్టు ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. ఆయన కుర్చీలో కూర్చుని గుడ్డ ఎలా కత్తిరించాలో చెబుతాడట, చెప్పడం కన్నా తిట్టడం ఎక్కువట. "మందు వేళ్లకి తగిలింది గానీ నాలిక్కి తగల్లేదమ్మా" అంది. నవ్వాం. కాసేపటికి సూది ఆపి, బతుకుతాడా అని అడిగింది.

ఇదివరకైతే 'ఏం ఫర్వాలేదు' అనేదాన్ని. ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇలా కోసి తీసేసినవాళ్లలో చాలామందికి మళ్లీ వస్తుంది, కొంతమందికి ఎప్పటికీ రాదు, ఈయన ఏ వైపు ఉంటాడో నాకు తెలియదు. కానీ వచ్చినా నేను ఇక్కడే ఉంటాను అన్నాను. అనేశాక విన్నాను, ఏమన్నానో.

ఆవిడ తలూపి మళ్లీ కుట్టుకుంది.

మే 15

కత్తి ఫోన్. మూడూ తీసేశాడట, అంచులు శుభ్రంగా ఉన్నాయట. సంతోషం పట్టలేక అరిచాను. వాడు కూడా అరిచాడు.

మే 31

డైరెక్టర్‌కి వద్దని చెప్పాను. మోకాళ్ల సంగతేమిటన్నాడు. బాగానే ఉన్నాయన్నాను. ఫ్యాను మాత్రం బాగుచేయించమన్నాను. ఉత్తరం చింపుదామని సొరుగు తీశాను, ఇంతలో ఎవరో రోగి వచ్చారు.

జులై 9

చెప్పినట్టే మాస్టర్‌కి తిమ్మిరి పెరిగింది. గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. అన్నం చెంచాతో తింటున్నాడు. చూపులో కొంచెం కోపం కూడా ఉంది. ఉండనీ. ముందే చెప్పారు కాబట్టి భరిస్తున్నానన్నాడు. నేనిచ్చిన ఏ మందుకీ ఇంత పెద్ద మెప్పు నాకెప్పుడూ రాలేదు.

ఆగస్టు 20

స్కాన్ శుభ్రం. ఈ మధ్య ఏ పని మానేశారని అడిగాను. "మానెయ్యడానికి ఇంకేం మిగిలాయమ్మా" అన్నాడు. భార్య ఆయన వీపు మీద ఒక్కటేసింది.

అక్టోబరు 15

ఇవాళ ప్రశ్న నేనడగకముందే జవాబు వచ్చింది. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చల్లగా తగులుతోందట. సుద్దముక్కా కత్తెరా పట్టుకున్నప్పుడు ఏది ఏదో తెలుస్తోందట. కళ్లు మూయించి చేతిలో పెన్ను మూత పెట్టాను, పిన్నీసు పెట్టాను, నాణెం పెట్టాను. మూడింటిలో రెండు చెప్పాడు. పిన్నీసుని పట్టుకుని కాసేపు వదల్లేదు.

డిసెంబరు 10

స్కాన్ శుభ్రం. మూడు నెలల తరవాత రమ్మన్నాను.

లేవలేదు. "ఆ కోటు ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు. పిన్నీసు తీసేశాడు. ఊడిన గుండీ ఏదన్నాడు. సొరుగులోంచి తీసిచ్చాను. చొక్కా జేబులోంచి సూదీ దారం తీశాడు. ముందే సిద్ధపడి వచ్చాడన్నమాట. భార్య దారం ఎక్కిస్తానని చెయ్యి చాపితే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మొదటిసారి దారం పక్కకి పోయింది. రెండోసారి సూది కిందపడింది, ముగ్గురం వెతికాం. నాలుగోసారికి ఎక్కింది. సిస్టరమ్మ తలుపు తీసి, బయట పన్నెండు మంది ఉన్నారంది. చూసి, తలుపు మూసింది. బయట ఎవరో గొణుగుతుంటే ఆవిడ గొంతే లేచింది.

నాలుగు కుట్లు వేశాక ఆగి, గుండీ కింద కాస్త ఎత్తు ఉండాలన్నాడు, లేకపోతే బిగుసుకుపోతుందట. అగ్గిపుల్ల ఉందా అన్నాడు. ఆసుపత్రిలో అగ్గిపుల్ల ఏమిటన్నాను. దళసరి కాగితమైనా సరే, కుట్టాక లాగేద్దాం అన్నాడు.

సొరుగు తెరిచే ఉంది. ఉత్తరం పైనే ఉంది, ఆసుపత్రి పేరున్న దళసరి కాగితం. కింది మూల చింపి నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. నా సంతకం ఉన్న మూల. ఆయన చూసుకోలేదు, దృష్టంతా గుండీ మీదే ఉంది. కుట్టు కుట్టుకీ పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటున్నాడేమో. నేను ఎలా ఉందని అడగలేదు. మెచ్చుకోలేదు. కూర్చుని చూశాను. దారం పంటితో తెంపి కోటు నా చేతిలో పెట్టాడు. ముప్పై ఐదు నిమిషాలు పట్టిందట, సిస్టరమ్మ లెక్క.

"ఇప్పుడు మీరు పెట్టుకోండమ్మా, నేను చూస్తా" అన్నాడు.

ఆయన ముందు నిలబడి ఐదు గుండీలూ పెట్టుకున్నాను. నా వేళ్లే తడబడ్డాయి.

ఇంటికొచ్చి కోటు విప్పి చూశాను. గుండీ వంకరగా ఉంది, అసలు చోటుకి అర అంగుళం కిందకి. పెట్టుకుంటే కోటు ఒకవైపు ఎత్తుగా లేస్తుంది. కాగితం లాగడం మర్చిపోయాడు, గుండీ కిందే ఉంది. మా ఆయన చూసి, విప్పి సరిగ్గా కుట్టించమంటావా అన్నాడు. వద్దన్నాను. రేపు ఓపీ తొమ్మిదింటికి, ఇదే కోటు వేసుకెళ్లాలి.